స్పాల కంటే ముందే చల్లబడ్డ ఇళ్ళు

మేముండే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, ఆ పక్కనున్న అద్లియాలో స్పా బోర్డులకు కొదవలేదు. ఏ స్పా లోపల చూసినా వరస ఒకటే: మసక వెలుతురు, చెక్క పలకలు, గులకరాళ్ళు, ఓ మూల గలగలమనే నీళ్ళు. ఇంటీరియర్ డిజైన్‌తో నాకే సంబంధమూ లేదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కానీ స్పా పెట్టబోతున్న ఓ తెలుగు స్నేహితురాలు కేటలాగులు ముందేసుకుని, "బాలి రాయి వేయించనా, స్వీడన్ చెక్క వేయించనా?" అని అడిగితే నాకో సందేహం వచ్చింది. ఏసీలు రాకముందు ఈ ఎండల్లో ఇక్కడివాళ్ళు ఎక్కడ సేదదీరేవాళ్ళు?

జవాబు ముహర్రఖ్‌లో ఉంది. 1869లో గద్దెనెక్కిన షేక్ ఈసా బిన్ అలీ నివసించిన ఇల్లు ఇప్పటికీ చూడొచ్చు. గోడలు సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. గుల్లగా ఉంటుంది కాబట్టి వేడి తొందరగా లోపలికి దిగదు. పైన తెల్లటి జిప్సమ్ పూత. పైకప్పుకి ఖర్జూరపు మొద్దులు, తూర్పు ఆఫ్రికానుంచి ఓడల్లో వచ్చిన మడచెట్ల దుంగలు. మన కోరింగలో చూస్తామే, ఆ మడచెట్లే. దుంగ ఎంత పొడవుంటే గది అంత వెడల్పు, అందుకే గదులు ఇరుకుగా, పొడుగ్గా ఉంటాయి. ఇక గాలి బురుజు సంగతి. పైన వీచే గాలిని పట్టి కింద గదిలోకి దింపుతుంది. వీధివైపు కిటికీలు తక్కువ. వెలుతురంతా నడిమి వాకిట్లోంచే, మన మండువా ఇంట్లోలాగే. అంటే అక్కడి ప్రశాంతత ఎవరో అలంకరణగా తెచ్చిపెట్టింది కాదు. ఎండని తప్పించుకునే తంటాల్లో దానంతటదే వచ్చింది.

వెలుతురు సంగతికొస్తే మన హైదరాబాదులోనే ఇంకో పాఠం ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో 16వ శతాబ్దపు హమామ్ ఒకటుంది. 2013లో మొదలైన పునరుద్ధరణ పనుల్లో దాన్నీ బాగుచేశారు. గోడల్లో వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ మట్టి గొట్టాలు, పైకప్పు రంధ్రాల్లోంచి నేలమీద పడే వెలుగు. చూస్తే ఏ రాణిగారి స్నానాలగదో అనిపిస్తుంది. కానీ అది రాజకుటుంబీకుల పార్థివదేహాలకి చివరి స్నానం చేయించిన చోటని చెబుతారు. పైనుంచి వచ్చే ఆ వెలుగు కింద ఎవరైనా గొంతు తగ్గించే మాట్లాడతారు.

మరి నీళ్ళో? అసలు కథ అక్కడుంది. బహ్రెయిన్ ఒకప్పుడు ఊటల దీవి. ముత్యాల కోసం మునిగేవాళ్ళు ఉప్పునీటి అడుగునుంచే మంచినీళ్ళు తోలుసంచుల్లో పట్టుకొచ్చేవాళ్ళు. 1954లో డేనిష్ పరిశోధకులు తవ్వడం మొదలుపెట్టిన బార్‌బార్ గుడిలో, నాలుగు వేల ఏళ్ళనాటి మెట్లు ఒక ఊటలోకే దిగుతాయి. మా ఇంటినుంచి కొద్ది నిమిషాల కారు దూరంలో ఉన్న అధారీ కూడా అలాంటి ఊటే. జనం ఈతలు కొట్టేవాళ్ళు, ఆ నీళ్ళే కాలవల్లో తోటలకి పారేవి. పైసా ఖర్చులేని స్పా అన్నమాట!

1925లో ఫ్రాంక్ హోమ్స్ అనే ఆయన ఇక్కడ లోతైన నీటిబావులు తవ్వించాడు. నీళ్ళు పడ్డాయి, ఆ మెప్పుతో చమురు వెతుక్కునే అనుమతీ దొరికింది. 1932లో చమురు పడింది. ఊరు పెరిగింది, బోర్లు పెరిగాయి, ఊటలు ఎండిపోయాయి. ఇప్పుడు కుళాయిలో వచ్చేది చాలావరకూ సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసినది.

అందుకే స్నేహితురాలికి చెప్పాను: పగడాలు తవ్వక్కర్లేదు, బాలి రాయీ అక్కర్లేదు. గోడకి జిప్సమ్, నేలకి ఖర్జూరపు ఆకుల చాప, పైనుంచి కాస్త వెలుగు చాలు. రాత్రింబవళ్ళు గలగలలాడే నీళ్ళు మాత్రం వద్దు. ఈ దీవిలో నీళ్ళు అలంకారానికి వాడే వస్తువు కాదు.

అధారీ మీద ఇక్కడో సామెత ఉంది: దగ్గరి తోటని వదిలేసి దూరపు తోటని తడుపుతుందట. సొంతవాళ్ళని పట్టించుకోకుండా పైవాళ్ళకి చేసేవాళ్ళని అలా అంటారు. ఊరొదిలి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న మనకి ఆ మాట కాస్త గట్టిగానే తగుల్తుంది కదూ?