కళ్లద్దాలు లేని విద్యార్థి: పటాన్‌చెరు ప్రాంతంలో చూపు లెక్కల చరిత్ర

ముంబయి రహదారి వెంట రామచంద్రాపురానికీ పటాన్‌చెరుకూ నడుమ, మల్లికార్జునస్వామి గుట్ట చుట్టూ పెరిగిన బీరంగూడను మొదట మార్చినవి కర్మాగారాలు, ఆ తర్వాత కళాశాలలు. 1960లలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, వాటి వెనుక పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చి ఉద్యోగులను, కార్మికులను రప్పించగా, 2008లో ఎద్దుమైలారంలో మొదలై 2015లో కందికి తరలిన ఐఐటీ, 2009లో రుద్రారంలో తెరుచుకున్న గీతం ప్రాంగణం ఈ రహదారి పొడవునా విద్యార్థులను నింపాయి. వీరిలో చూపు మందగించినా కళ్లద్దాలు లేనివారి సమస్య చాలాకాలం ఏ లెక్కలోనూ చేరకపోవడానికి కారణం, ఆ లెక్క వేసిన తీరులోనే ఉంది.

కంట్లోకి వచ్చే కాంతి సరిగ్గా రెటీనా పొర మీద కేంద్రీకరించకపోవడాన్ని వక్రీభవన దోషం అంటారు. అది రెటీనాకు ముందే కేంద్రీకరిస్తే దూరపు వస్తువు మసకబారుతుంది, దీనినే హ్రస్వదృష్టి అని, వాడుకలో సైటు అని అంటారు. 1862లో డచ్చి వైద్యుడు స్నెల్లెన్ రూపొందించిన అక్షరాల పట్టికను ఆరు మీటర్ల దూరం నుంచి చదివించి, చదవలేని కంటికి సన్నని రంధ్రమున్న నల్లని రేకును అడ్డుపెట్టినప్పుడు అంతవరకూ అలుక్కుపోయిన వరుస స్పష్టపడితే, లోపం చాలావరకు వక్రీభవనానిదేననీ, అద్దాలతో సరిపోతుందనీ తేలుతుంది. నిమిషంలో ముగిసే పరీక్ష ఇది.

అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంధత్వాన్ని నిర్వచించినప్పుడు, సరైన అద్దాలు పెట్టిన తర్వాత కనిపించే చూపునే కొలతగా తీసుకుంది. అందువల్ల అద్దాలు కొనలేనివారు, తమకు అవసరమని తెలియనివారు కాగితం మీద చూపున్నవారిగానే మిగిలిపోయారు. భారతదేశంలో 1976లో మొదలైన జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం కూడా ప్రధానంగా కంటిశుక్లం శస్త్రచికిత్సల చుట్టూనే నడిచింది.

ఈ దృక్పథాన్ని బలంగా ప్రశ్నించిన పని హైదరాబాదు నుంచే వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు 10,293 మందిని పరీక్షించి, మనిషి ఇంటి నుంచి ఎలా వచ్చాడో అలాగే, అద్దాలుంటే అద్దాలతో, లేకుంటే లేకుండా అతని చూపును కొలిచింది. అంధత్వం 1.84 శాతమని, అందులో 16 శాతానికి పైగా కేవలం వక్రీభవన దోషం వల్లనేనని తేలింది. అద్దాలతో పోయే గుడ్డితనం అంతమందిని పీడించడం ఆ అధ్యయనం బయటపెట్టిన అత్యంత బాధాకరమైన విషయం. సర్వేకు ఎంచుకున్నవి హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ కాగా, బీరంగూడ అప్పుడున్న మెదక్ జిల్లా వాటిలో లేదు. ఇలా కొలిచే పద్ధతినే అనుసరించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 2008లో వెలువడి, సరిదిద్దని వక్రీభవన దోషంతో చూపు తగ్గినవారు 15.3 కోట్లని చెప్పింది.

లెక్క మారినా విద్యార్థి దశకు తగిన ఏర్పాటు మాత్రం రాలేదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలను 18 ఏళ్ల వరకే చూస్తుంది గనుక, ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చేరిన పిల్లవాడు అంతకు ముందే దాని పరిధి దాటుతాడు. 2018 ఆగస్టు 15న పొరుగున ఉన్న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ వయసుతో నిమిత్తం లేకుండా శిబిరాలు పెట్టింది. ఈ విషయంలో అది నిజంగా గొప్ప ముందడుగు. కానీ నలభై దాటినవారికి వచ్చే చత్వారానికి తయారుగా ఉన్న అద్దాలను అక్కడికక్కడే ఇవ్వవచ్చు గాని, సైటున్న యువకుడికి రెండు కళ్లకూ వేర్వేరు పవరుతో విడిగా అద్దాలు చేయించవలసి వస్తుంది, అవి చేతికి అందడానికి రోజులు పడతాయి. సొంత ఊళ్లో పరీక్ష చేయించుకుని బీరంగూడ అద్దె గదికి తిరిగి వచ్చే విద్యార్థికి ఆ కళ్లజోడు చేరాలంటే, అది ఇంటి చిరునామాకు కాక అతను చదివే కాలేజీకి రావాలి.