ఎకరాలు గజాలైన దారి

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకున్నవాళ్లు ముందు తెరిచేది బీరువా. సేల్ డీడ్, దాని వెనుక లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, అనుమతి ప్లాను, లేఅవుట్ క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) కాగితం అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలోకి చేరాక గానీ రంగులవాడికి ఫోను పోదు. కొనేవాళ్ల మొదటి ప్రశ్న కూడా పడక గదుల గురించి ఉండదు. "కాగితాలు క్లియరేనా?" అంటారు. ముంబై రహదారి వెంట పెరిగిన ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఆ ప్రశ్నకు ఎందుకంత బరువు వచ్చిందో తెలియాలంటే ఆరేడు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

ఫ్యాక్టరీలు రాకముందు ఇక్కడ ఇల్లు అమ్మడమంటే అరుదైన సంగతి. ఊరి నడుమ ఆబాదిలో ఉన్న పెంకుటింటికి విడిగా పట్టా ఉండేది కాదు. పొలానికి సర్వే నంబరు ఉండేది, ఇంటికి ఇరుగుపొరుగే సాక్ష్యం. అప్పులపాలైనవాళ్లో, పట్నం పోయినవాళ్లో అమ్మితే ముందు పాలోళ్లనే అడిగేవారు. వాళ్లు కాదంటేనే బయటివాళ్లకు. బయానా చేతిలో పడ్డాక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి, పెద్దమనుషుల సంతకాలో వేలిముద్రలో పెట్టించేవారు. అదే సాదా బైనామా. వంద రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రీ కావాలని చట్టం చెబుతున్నా, ఊరికి చట్టం కంటే పటేల్, పట్వారీ దగ్గర. పట్వారీ తన భూమి రికార్డు పహాణీలో పేరు ఎక్కిస్తే పని అయిపోయినట్టే లెక్క.

హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. తర్వాత భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి కబ్జాలో ఉందో ఊరూరా తిరిగి రాసిన రికార్డు 1954-55 నాటి ఖాస్రా పహాణీ. తెలంగాణలో నేటికీ భూమి తగాదా కోర్టుకెక్కితే వకీళ్లు ముందు అడిగే కాగితం అదే. అప్పుడు రాయించుకోనివాడి మనవడు ఇప్పుడు కోర్టు మెట్లెక్కుతున్నాడు.

1960ల్లో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలిసింది. తర్వాత అదే బీహెచ్ఈఎల్‌లో భాగమైంది. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, కేరళ నుంచి, ఉత్తరాది నుంచి ఉద్యోగులు వచ్చారు. వారి కోసం ఒక ఊరికి ఊరే కట్టారు. వరసగా క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, చెట్లు కమ్మిన రోడ్లు. ఆ టౌన్‌షిప్‌లో ఇల్లు కొనడమూ లేదు, అమ్మడమూ లేదు. హోదాను బట్టి క్వార్టర్ వచ్చేది, పదోన్నతి వస్తే పెద్దది. కానీ పదవీ విరమణ చేసిన ఉద్యోగి క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే. ముప్పై ఏళ్లు ఒకే గేటు లోపల బతికిన కుటుంబం ఆ రోజు నుంచి ఎక్కడుండాలి? ఈ ప్రాంతంలో సొంతింటి మార్కెట్‌ను పుట్టించింది ఈ ప్రశ్నేనని చెప్పాలి. సహకార గృహనిర్మాణ సంఘాలు పెట్టుకుని, రైతుల దగ్గర ఎకరాల లెక్కన కొని, సభ్యులకు గజాల లెక్కన పంచుకున్నారు. బీరంగూడ, అమీన్‌పూర్, చందానగర్ వైపు కాలనీలు అలా పాకాయి. 1960ల్లో ఉద్యోగంలో చేరిన తరం 1990ల్లో విశ్రాంతికి వచ్చేసరికి ఆ ప్లాట్ల మీద స్లాబులు లేచాయి.

ఎకరానికి 4,840 గజాలు. గుంటకు 121. రైతు ఎకరం ధర అడిగేవాడు, ఉద్యోగి గజం ధర అడిగేవాడు. రోడ్లకు, ఖాళీ జాగాకు పోగా మిగిలిన గజాలకు పలికిన ధర రైతు చేతికి అందినదానికి ఎన్నో రెట్లు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా మీదే ఇక్కడి రియల్ ఎస్టేట్ అంతా నిలబడింది.

ఇష్టపడి అమ్మినవాళ్లు కొందరైతే, ప్రభుత్వం భూసేకరణలో తీసుకుంటే ఇల్లు వదిలినవాళ్లు మరికొందరు. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధనకు ఇక్రిశాట్ స్థాపించినప్పుడు దానికి సుమారు 1,400 హెక్టార్లు ఇచ్చారు. ఆ కంచె లోపలికి మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు వచ్చాయి. ఆ కుటుంబాలు వేరేచోట ఇళ్లు కట్టుకున్నాయి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పండించే ప్రపంచ రైతులకు ఆ సంస్థ చేసిన మేలు చిన్నది కాదు. ఆ మేలు వెనుక రెండు ఊళ్ల గడపలు ఉన్నాయని మాత్రం చాలామందికి తెలియదు. ఈ ప్రాంత చరిత్ర రాసేవాళ్లు ఆ రెండు పేర్లూ విడవకూడదు.

1970లు, 80లు పారిశ్రామిక వాడల కాలం. వెనుకబడిన ప్రాంతమని రాయితీలు, పక్కనే జాతీయ రహదారి, కూతవేటు దూరంలో హైదరాబాద్. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరా గాంధీ ప్రధాని కావడంతో జిల్లా మీద ఢిల్లీ చూపు పడింది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో మొదలైంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వాడల్లో మందుల, రసాయనాల, ఇనుము యూనిట్లు బారులు తీరాయి. కూలీలు మొదట చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తర్వాత ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చారు. వాళ్లకు ఇల్లు కొనే స్తోమత లేదు, కిరాయి గది కావాలి. నూట ఇరవై గజాల జాగాలో వరసగా రేకుల రూములు, చివరన ఉమ్మడి మరుగుదొడ్డి, మధ్యలో ఒక నల్లా. ఈ నమూనా ఇళ్లు ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం పక్క ఊళ్లలో ఇప్పటికీ కనబడతాయి. అలాంటి ఇల్లు అమ్మేటప్పుడు చెప్పే గొప్ప ఒక్కటే: నెలకు ఎంత కిరాయి వస్తుందో.

పరిశ్రమలతోపాటే నీళ్ల ప్రశ్న వచ్చింది. నక్కవాగు, ఇసకవాగు పొడవునా ఉన్న పల్లెల్లో బావుల రంగు మారింది, పొలాలు చెడ్డాయి. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు ఊళ్ల పక్షాన ఏళ్లతరబడి పోరాడారు. ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ప్రకటిస్తే పటాన్‌చెరు పేరు ప్రపంచ పత్రికలకెక్కింది. ఇల్లు కొనేవాళ్లకు ఆ పరిశోధన పేరు తెలియకపోవచ్చు, భయం తెలుసు. బోరు వేయించిన ఇంటికి వెళితే గ్లాసులో నీళ్లు పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు, వాసన చూస్తారు. అందుకే అమ్మకం ప్రకటనల్లో "మంజీరా వాటర్" అన్న మాట పెద్దక్షరాల్లో పడుతుంది. 1965 నుంచి సంగారెడ్డి దగ్గరి మంజీరా బ్యారేజీ హైదరాబాద్‌కు తాగునీరు ఇస్తోంది. ఆ పైపులు తమ ముందు నుంచే పోతున్నా, ఇంట్లో మంజీరా నల్లా లేకుండానే ఎన్నో ఊళ్లు ఏళ్లు గడిపాయి.

రిజిస్ట్రేషన్ కార్యాలయం సంగతి వేరే చెప్పుకోవాలి. కంప్యూటర్లు రాకముందు దస్తావేజు మొదట లేఖరి చేతిలో పుట్టేది. స్టాంపు వెండర్ దగ్గర కాగితం కొని, చెట్టు కిందో, రేకుల షెడ్డులోనో కూర్చున్న లేఖరికి ఇస్తే ఆయన హద్దులు అడిగేవాడు. పాత దస్తావేజుల్లో ఆ హద్దులు చదివితే ఊరు కళ్లముందు నిలుస్తుంది: తూర్పున ఫలానా వారి కొట్టం, పడమర బండ్లబాట, ఉత్తరాన ఖాళీ జాగా, దక్షిణాన వేపచెట్టు. కొట్టం కూలి, బాట రోడ్డయి, చెట్టు కొట్టేశాక ఆ నాలుగు దిక్కుల్లో ఇల్లు ఎక్కడుందో తేల్చడం అమీనుకూ కష్టమే. రాసిన దస్తావేజును గుమాస్తాలు పెద్ద పుస్తకంలోకి అక్షరం అక్షరం చేత్తో ఎత్తిరాసేవారు. అసలు కాగితం తిరిగి చేతికి రావడానికి రోజులు పట్టేది. ఈసీ కావాలంటే మనుషుల పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఏడాదికేడాది తిరగేయాలి. గుమాస్తా కన్ను ఒక్క వరుస దాటిపోతే తాకట్టులో ఉన్న ఇల్లు నిక్షేపంగా ఉన్నట్టు కాగితం వచ్చేది. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్ రిజిస్ట్రేషన్ ప్రారంభమయ్యాక ఈ తతంగం గంటల్లోకి వచ్చింది. 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఇప్పుడు ఫోన్లోనే చూసుకోవచ్చు. అంతకు ముందువి కావాలంటే కార్యాలయానికి పోవలసిందే.

రిజిస్ట్రార్ పని వచ్చిన పత్రాన్ని నమోదు చేయడం. అమ్మేవాడు నిజంగా హక్కుదారుడేనా అన్న పూచీ ప్రభుత్వం తీసుకోదు, అది కొనేవాడి తలనొప్పి. ఈ ఒక్క విషయం తెలియక మునిగినవాళ్లు ఈ దారి పొడవునా ఉన్నారు.

2000 తర్వాత వేగం మారిపోయింది. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం మునిసిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాయి. 2008లో ఐఐటీ హైదరాబాద్ ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలై తర్వాత కందికి చేరింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ముత్తంగి దగ్గర ముంబై హైవేను దాటింది. ఐటీ ఉద్యోగులు తెల్లాపూర్, కొల్లూరు వైపు చూడటం మొదలుపెట్టారు. వరి, జొన్న పండిన చేలల్లో సున్నంతో గీతలు గీసి, సిమెంటు రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి వెంచర్లని పేరు పెట్టారు. వాటిలో ఎన్నింటికో ఉన్నది పంచాయతీ ముద్ర మాత్రమే, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఆమోదం లేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద చేతులు మారిన ప్లాట్లు ఎన్నో. అలాంటి అమ్మకంతో హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

పాత ఇల్లు అమ్మి కొత్త ఫ్లాట్ కొనడం ఈ పదిహేనేళ్లలో మామూలైంది. విశ్రాంత ఉద్యోగి కాలనీ ఇల్లు అమ్మి, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటుకు వెళతాడు. పాత ఇంటిని అమ్మకానికి సిద్ధం చేయడంలో ఓ క్రమం ఉంది. తేమ కొట్టిన గోడకు పుట్టీ, సంపు శుభ్రం, ఈశాన్యంలో పాత సామాను ఉంటే తీసేయడం, పూజగది సామగ్రి ముందే తరలించడం. వాస్తు తేడా ఉన్న ఇంటికి ధర తగ్గుతుందని అమ్మేవాళ్లకూ తెలుసు. బేరం ఆషాఢంలో కుదిరినా అగ్రిమెంటు శ్రావణానికి వాయిదా పడుతుంది. డబ్బు దగ్గర చట్టం గట్టిగానే పట్టుకుంది. 2013 జూన్ నుంచి యాభై లక్షలు, ఆపై ఆస్తికి కొనేవారు ఒక శాతం టీడీఎస్ కోయాలి. 2015 జూన్ నుంచి బయానాగా ఇరవై వేలు, ఆపై మొత్తాన్ని నగదుగా తీసుకోకూడదు. అమ్మకం లాభం మీద పన్ను తప్పాలంటే రెండేళ్లలో మరో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టుకోవాలి. ఈ గడువు తరుముతుంటే కొత్త ఇంటి కాగితాలు నిదానంగా చూసుకునే ఓపిక ఎవరికుంటుంది? నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. తక్కువ ధరని ఆశపెట్టి, అనుమతులు రాకముందే పూర్తి సొమ్ము వసూలు చేసే ‘ప్రీలాంచ్’ బేరాల్లో చిక్కినవాళ్లలో పాత ఇల్లు అమ్ముకున్న డబ్బు పెట్టినవాళ్లూ ఉన్నారు.

2020 ఆగస్టులో అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. బిడ్డ పెళ్లికి ప్లాటు అమ్మాలనుకున్నవాళ్లు చేతులు పిసుక్కున్నారు. ఆ డిసెంబరులో, అంతకుముందే ఒకసారి రిజిస్ట్రీ అయిన ప్లాట్లకు సడలింపు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలో ప్రభుత్వ భూమిలో కట్టారని భవనాలు, ఇళ్లను ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ హైడ్రా కూల్చింది. సామాను బయట పెట్టుకుని ఏడ్చినవాళ్ల చేతుల్లోనూ కాగితాలున్నాయి. చెరువులు, ప్రభుత్వ భూములు కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు ఆ మండలంలోదే. కానీ ఇంటి నంబరు ఇచ్చినవాళ్లు, పన్ను కట్టించుకున్నవాళ్లు, రిజిస్ట్రీ చేసినవాళ్లు, అప్పు ఇచ్చిన బ్యాంకు నష్టంలో పాలు పంచుకోకుండా, చివరగా కొన్నవాడొక్కడే అన్నీ పోగొట్టుకోవడం న్యాయం కాదు. అనుమతి ఇచ్చిన చేయి కూడా మూల్యం చెల్లించే రోజు వచ్చేదాకా ఈ కథ మారదు.

అందాకా కొనేవాళ్లే జాగ్రత్తపడాలి. ముప్పై ఏళ్ల ఈసీ తీయించండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. 1954-55 ఖాస్రా పహాణీలో ఆ నంబరు ఎవరి పేరున ఉందో నకలు తెప్పించండి. పక్కన చెరువుంటే పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) మ్యాపు అడగండి. పది హెక్టార్లు, ఆపై చెరువుకు ముప్పై మీటర్లు, చిన్నదానికి తొమ్మిది మీటర్ల బఫర్ ఉంటుంది. కొత్త ప్రాజెక్టయితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) నంబరు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇవన్నీ మీ వకీలు చూసేదాకా బయానా మీ దగ్గరే ఉండనివ్వండి.