తాయిఫ్ చిన్న దుకాణాలు: కర్ఫ్యూ నెలల జీతం ఎక్కడ పోయింది, ఇప్పుడు ఏం అడగొచ్చు

తాయిఫ్‌లో పనిచేసినవాళ్లకు ఈ ఊరి సంగతి చెప్పక్కర్లేదు. కింద మక్కా, జిద్దా ఉడికిపోతున్నప్పుడు సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఇక్కడ చల్లగాలి వీస్తుంది. ఎండాకాలం సౌదీ కుటుంబాలు అల్ హదా, షఫా కొండలకు వస్తాయి. రియాద్ వైపు నుంచి ఉమ్రాకు వెళ్లేవాళ్లు ఇహ్రాం కట్టే మీఖాత్ అస్ సైల్ అల్ కబీర్ కూడా ఈ దారిలోనే ఉంది. బకాలాలు, బూఫియాలు, టైర్ పంక్చర్ షాపులు, ఇస్తిరాహాలు అన్నీ ఈ రాకపోకల మీదే బతుకుతాయి. ఒకరో ఇద్దరో పనివాళ్లు, పైన ఒక కఫీల్, అంతే.

2020లో ముందు ఆగింది దారి. మార్చి 4న సౌదీలో ఉన్నవాళ్లకు కూడా ఉమ్రా ఆపేశారు. కర్ఫ్యూ రాకముందే మీఖాత్ దారిలో గిరాకీ పడిపోయింది. నెల మధ్యకల్లా హోటళ్లలో కూర్చుని తినడం బంద్, పార్సిల్ మాత్రమే. 23న రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా దేశమంతా కర్ఫ్యూ. ఏప్రిల్ 6న రియాద్, జిద్దా, దమ్మామ్‌తో పాటు తాయిఫ్‌లోనూ 24 గంటల కర్ఫ్యూ పెట్టారు. సరుకులకు, మందులకు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా, అదీ సొంత పేటలోనే తిరగాలి. కర్ఫ్యూ తప్పితే 10,000 రియాళ్ల జరిమానా. మనవాళ్లలో చాలామందికి అది ఆరేడు నెలల జీతం. తాయిఫ్ గులాబీలు కోతకొచ్చే సీజన్ కూడా సరిగ్గా అదే.

ఏప్రిల్ 29 నుంచి దుకాణాలు తెరిచారు, జూన్ 21న కర్ఫ్యూ పూర్తిగా ఎత్తేశారు. పది రోజులకే, జులై 1న, వ్యాట్ 5 నుంచి 15 శాతానికి పెరిగింది. ఆ ఏడాది హజ్‌కు దేశంలో ఉన్న కొద్దిమందికే అనుమతి దొరికింది. ఉమ్రా అక్టోబర్ 4 దాకా మొదలు కాలేదు. విదేశాలకు వెళ్లే వీల్లేక సౌదీలు ఆ వేసవిలో సొంత దేశంలోనే విహారానికి తిరిగారు. దాంతో ఇస్తిరాహా ఓనర్‌కు కొంచెం ఊపిరి ఆడి ఉండొచ్చు. అప్పటికే 'సెలవు' మీద ఇంటికి పంపేసిన పనివాడికి దాంతో ఏం ఒరిగింది?

ఇక జీతం సంగతి. ప్రైవేటు ఉద్యోగుల జీతంలో 60 శాతం మూడు నెలలు ప్రభుత్వం ఇచ్చింది, కానీ సౌదీ పౌరులకే. విదేశీ కార్మికుల విషయంలో ఆరు నెలల పాటు వర్తించేలా కార్మిక శాఖ ఒక నిబంధన తెచ్చింది: పని గంటలు తగ్గితే జీతం తగ్గించొచ్చు, అయితే 40 శాతం మించకూడదు. వార్షిక సెలవు వాడించొచ్చు. జీతం లేని సెలవుకు మాత్రం కార్మికుడి ఒప్పుదల కావాలి. కాబట్టి "దుకాణమే మూశాం, జీతమెక్కడిది?" అని కఫీల్ అంటే అది చట్టం మాట కాదు. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. చదవరాని అరబ్బీ కాగితం మీద మీరు సంతకం పెట్టి ఉంటే అదే మీ ఒప్పుదల అయిపోతుంది.

ఇంకో చిక్కు రుజువుది. జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే వేతన రక్షణ పద్ధతి నలుగురి లోపు పనివాళ్లున్న దుకాణాలకు 2020 డిసెంబర్‌లో గానీ రాలేదు. అంటే కర్ఫ్యూ నెలల్లో బకాలా జీతం చేతికిచ్చిన నోట్లే. ఇచ్చారా, ఎగ్గొట్టారా అనడానికి లెక్క లేదు. ఆజాద్ వీసా మీద ఒక కఫీల్ పేరున ఉండి ఇంకొకరి దగ్గర పనిచేసినవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. జీతం అడగబోతే ముందు వాళ్ల తప్పే బయటపడుతుంది. అఖామాలో ఇంటి డ్రైవర్ అని రాసి ఇస్తిరాహాలో కాపలా పెట్టినవాళ్లదీ ఇదే గతి. ఇంటి పనివాళ్లకు కార్మిక చట్టం వర్తించదు, వేరే నిబంధనలు ఉన్నాయి.

ఇన్నేళ్ల తర్వాత అడగొచ్చా? కార్మిక చట్టం 234వ అధికరణం ప్రకారం, ఉద్యోగ సంబంధం ముగిసిన 12 నెలల లోపు దావా వేయాలి. గడువు లెక్క కర్ఫ్యూ నుంచి కాదు, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి. అదే కఫీల్ దగ్గర ఇంకా పనిచేస్తుంటే, లేదా మానేసి ఏడాది నిండకపోతే, ఆనాటి బకాయి కూడా కలిపి అడగొచ్చు. గడువు దాటినా, సరైన కారణం చూపి కోర్టును ఒప్పిస్తే, లేదా కఫీల్ బాకీ ఒప్పుకుంటే దారి ఉంది. "తర్వాత ఇస్తా" అని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఉంటే ఫోన్ మార్చేటప్పుడు పారేసుకోకండి.

సర్వీసు డబ్బు వేరే లెక్క. ఉద్యోగం పూర్తిగా కఫీల్ వైపు నుంచి ముగిస్తే మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున రావాలి. సెలవుకని వచ్చి 2021 డిసెంబర్ 1 దాకా భారత్ నుంచి నేరుగా వెళ్లే వీల్లేక ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు చాలామంది దీన్ని అడగనేలేదు.

సౌదీలో ఉంటే కార్మిక శాఖ నంబర్ 19911కు ఫోన్ చేయండి. ముందు రాజీకి పిలుస్తారు, 21 రోజుల్లో తేలకపోతే కేసు లేబర్ కోర్టుకు వెళ్తుంది. తాయిఫ్ మక్కా ప్రాంతంలోది కనుక మీకు జిద్దాలోని భారత కాన్సులేట్ వర్తిస్తుంది, రియాద్ ఎంబసీ కాదు. ఊళ్లో ఉంటే అక్కడ నమ్మకమైన మనిషికి ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి ఉంటుంది. ఖరూజ్ మీద ఇంటికి వచ్చేవాళ్లు మాత్రం విమానం ఎక్కకముందే అఖామా, కాంట్రాక్టు, జీతం జమైన బ్యాంకు మెసేజ్‌లు ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. 'బాకీలన్నీ ముట్టాయి' అన్న కాగితం మీద, డబ్బు చేతికి రాకుండా, సంతకం పెట్టకండి.