ఋణము ఒప్పుకొనని చోట క్షమాపణ: కోనసీమ నేపథ్యములో ఒక చారిత్రక పరిశీలన

"క్షమాపణ" అను మాటను మన సంఘములలో రెండు అర్థములతో వాడుచున్నాము. తప్పు చేసినవాడు చెప్పేది క్షమాపణే, గాయపడినవాడు ఇచ్చేదీ క్షమాపణే. మాట ఒక్కటే అగుటచేత మొదటిది జరుగకుండానే రెండవది జరగాలని తరచుగా బోధిస్తున్నాము. ఆ బోధ గాయపడినవారిపై ఎంత భారము మోపుతుందో సమీప చరిత్ర వెలుగులో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. చరిత్ర ఏమి చెప్పుచున్నది?

1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతుల సేవతో గోదావరి డెల్టాలో సువార్త వేళ్లూనింది. ఈ ప్రాంతపు సంఘములలో మాల మాదిగ కుటుంబములే ఎక్కువ. కాబట్టి కులము చేసిన గాయము ప్రతి ఆదివారము మన ఎదుట కూర్చునేవారి గాయమే.

2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చుటకు మే నెలలో ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. దానిని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురములో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇండ్లకు నిప్పు పెట్టారు. బస్సులు తగులబడ్డాయి. జూన్‌లో మంత్రివర్గము ఆ పేరును ఆమోదించింది. 2023 మార్చిలో, వివిధ సామాజిక వర్గముల నాయకులతో సమావేశమైన పిమ్మట, అల్లర్ల కేసులను ఎత్తివేయుటకు ప్రభుత్వము నిర్ణయించింది.

దీనిని రాజీ అనవచ్చు. శాంతి కొరకు రాజీ అవసరమే. కేసు ప్రభుత్వముది, దానిని వదులుకొను అధికారము దానికున్నది. అయితే అవమానము పడినవారి పక్షమున క్షమించే అధికారము ప్రభుత్వమునకు గాని, సంఘ పెద్దలకు గాని లేదు.

కోనసీమకు వెలుపల ఇంతకంటె లోతైన గాయములున్నవి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులైనప్పుడు, పారిపోయి వచ్చినవారికి చీరాలలోని చర్చి ఆవరణ ఆశ్రయమైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు చంపబడ్డారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. దోషి ఎవరో తేలని చోట, భర్తను పోగొట్టుకొన్న స్త్రీతో "క్షమించమ్మా" అని కాపరి ఏ నోటితో చెప్పగలడు?

2. వాక్యము ఏమి చెప్పుచున్నది?

మత్తయి 6:12లో మన తెలుగు బైబిలు వాడిన మాట "ఋణము". అప్పు ఉన్నదని ఒప్పుకొన్న తరువాతే దానిని కొట్టివేయుట సాధ్యము. పౌలు ఫిలేమోనుకు వ్రాసినప్పుడు ఒనేసిము బాకీ లేదనలేదు, దానిని తన లెక్కలో వేయమన్నాడు. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చెదనన్నాడు. యోసేపు తన సహోదరులు తలపెట్టినది కీడేనని వారి ముఖము ఎదుటనే చెప్పి, ఆ తరువాత వారిని ఆదరించి పోషించాడు.

మరి తప్పు చేసినవాడు ఎన్నటికీ ఒప్పుకొనకపోతే? సిలువ మీద ప్రభువు, రాళ్ల దెబ్బల మధ్య స్తెఫను అవతలివారి మారుమనస్సు కొరకు ఎదురుచూడలేదు. పగతీర్చుకొనుటను దేవునికి విడిచిపెట్టుట గాయపడినవారు ఒంటరిగానైనా చేయగలరు. సమాధానపడుటకు మాత్రము ఇద్దరు కావలెను.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్తను, ఇద్దరు కుమారులను సజీవ దహనములో పోగొట్టుకొన్న గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని ప్రకటించారు. విచారణ మాత్రము ఆగలేదు. ప్రధాన దోషి దారా సింగ్ యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆమె క్షమాపణ న్యాయమునకు అడ్డు కాలేదు, న్యాయము ఆమె క్షమాపణను తక్కువ చేయలేదు.

3. కాపరులకు

మొదట చీరాలలో వలె తలుపు తెరుద్దాము. జరిగినదంతా చెప్పనిచ్చి, వారి మాటను మధ్యలో ఆపక విందాము. న్యాయము కోరువారిని క్షమాగుణము లేనివారని నిందించవద్దు. గాయపరచిన పక్షమువారు మన సంఘములో ఉంటే, ప్రసంగము ముందుగా వారికే చేద్దాము. ఆపైన, పగ తమ హృదయమును తినివేయకుండునట్లు గాయపడినవారు ప్రార్థించగోరిన దినమున వారితో కలిసి మోకరించుదము. ఆ దినము ఎప్పుడన్నది నిర్ణయించవలసినది వారే.