బాగే ఆం నుంచి బహదూర్‌పురాకు

హైదరాబాదు జూ పార్కు 1963 అక్టోబరు 6న జనానికి తెరుచుకుంది. రాణి అనే ఏనుగు అంతకు అయిదు రోజుల ముందే, అక్టోబరు 1న, నాంపల్లి బాగే ఆం (పబ్లిక్ గార్డెన్స్) నుంచి అక్కడికి చేరింది. 1938 అక్టోబరు 7న పుట్టిన ఏనుగు అది. నిజాం రాజ్యం, పోలీసు చర్య, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, అన్నీ దాని జీవితకాలంలోనివే. ఎనభై మూడో ఏట, 2021 జూన్‌లో కన్నుమూసింది. మన జూ చరిత్ర రాయాలంటే నేను ఏ మంత్రి ప్రారంభోత్సవం నుంచో కాదు, రాణి నుంచే మొదలుపెడతాను. జూ మారిన ప్రతి మలుపులోనూ ఆ ఏనుగు ఉంది.

నేను పురానాపూల్ అవతల ఒక సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని జూకి తీసుకెళ్లాను. రిటైరయ్యాక ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఏ ఎన్‌క్లోజర్‌లో ఏది ఉంది, ఏది లేదు, ఏ గోడ కొత్తది అని నోటుబుక్కులో రాసుకోవడం అప్పటి అలవాటే.

బాగే ఆం నాటి జూను నేను చూడలేదు. మా నాన్న చూశారు. నాంపల్లి స్టేషను పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం డబ్బా పట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కి నడిచేవారట. అసెంబ్లీ, జూబ్లీహాలు, మ్యూజియం ఉన్న ఆ తోటలోనే అప్పట్లో జంతువులూ ఉండేవి. పులికీ తనకూ మధ్య ఇనుప చువ్వలు, ఇంకో బారెడు దూరం, అంతే ఉండేదని చెప్పేవారు. పులి వాసన చొక్కాకు పట్టేదట. అది అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు, పొద్దంతా అదే తిరుగుడు. జనం దాన్ని పులి దర్జా అనుకునేవారు. దర్జా కాదది. తిరగడానికి, వేటాడటానికి, దాక్కోవడానికి ఏమీ లేని జంతువు మనసు చెదిరి చేసే పని. ఆ నడకను నేను పిల్లలకు పాఠంగా చెప్పాను. అయితే నాన్న ఇంకొకటి కూడా అనేవారు: 'ఒక్కరోజు కూడా పులి కనబడలేదని తిరిగి రాలేదమ్మా.' అప్పటి జూ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. చూసేవాడికి దక్కనిది లేదు, చూడబడేదానికి మిగిలింది లేదు.

1959 అక్టోబరు 26న కొత్త జూకి పునాది పడింది. బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కన, సుమారు 380 ఎకరాలు. ఇరవై ఒక్క అర్ధవృత్తాల తోరణాలతో, రెండు వందల ఏళ్లకు పైగా నిలబడిన కట్ట ఆ చెరువుది. బండలు, చెట్లు, నీళ్లు, దూరంగా వచ్చిపోయే పక్షులు. జంతువులకు ఇంతకంటే మంచి చోటు ఆనాటి నగరంలో దొరికేది కాదు. కటకటాలు తీసేసి కందకాలు తవ్వారు. ఈ పద్ధతికి 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ తన జూలో దారి చూపించాడు. సింహం ఎంత దూరం దూకగలదు, ఎంత ఎత్తు ఎగరగలదు అని లెక్కగట్టి, అంతకు మించిన వెడల్పు, లోతుతో తవ్వుతారు. జంతువు వైపు నేల మెల్లగా వాలుతుంది, మన వైపు గోడ నిట్టనిలువుగా లేస్తుంది. గోడ ముందు పొదలు పెంచితే కందకం కంటికి ఆనదు. వెనకాల ఎక్కడో నైట్ హౌస్ ఉంటుంది. సాయంత్రం తిండి అక్కడ పెడతారు కాబట్టి జంతువు తనంతట తానే లోపలికి పోతుంది.

ఈ మార్పుతో జంతువుకు నీడ దొరికింది, మనకు నిరాశ మొదలైంది. మా పిల్లలు కందకం గోడకు వేలాడుతూ 'టీచర్, పులి ఏడుంది?' అని అడిగేవాళ్లు. వెదురు పొద కింద ఎక్కడో చారలు కనిపిస్తే అదృష్టం. పక్కన పెద్దవాళ్లు ఈలలు వేసేవారు, చప్పట్లు కొట్టేవారు, కొందరు రాళ్లు కూడా విసిరేవారు. రంజాన్ మర్నాడు బిర్యానీ డేక్షాలతో, కొత్త సంవత్సరం రోజు చంటిపిల్లలతో ఊరు ఊరంతా దిగినప్పుడు ఆ గోల మరీ ఎక్కువ. ఒకసారి ఒక కీపర్ నాతో అన్న మాట నోటుబుక్కులో ఉంది: 'అమ్మా, పొద్దుగాల గేటు తెరవంగనే రాండ్రి. ఎండెక్కితే అది పంటది. మీరు పండరా?' ఆ తర్వాత మా బడి ప్రయాణం తెల్లవారుజాము బస్సుకు మారింది.

1974లో లయన్ సఫారీ వచ్చింది. ఈసారి జాలీ మన వ్యాను కిటికీలకు బిగించారు, సింహాలు బయట తిరిగాయి. పిల్లలకు అదొక్కటే గుర్తుండిపోయేది. నాకు మాత్రం 1982 నాటి నిశాచర జంతువుల ఇల్లు ఎక్కువ నచ్చింది. అక్కడ పగలూ రాత్రీ తారుమారు చేస్తారు. రాత్రి దీపాలు బాగా వెలిగించి జంతువుల్ని నిద్రపుచ్చి, పగలు మసక వెలుతురు ఉంచుతారు. దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గబ్బిలాలు అదే రాత్రి అనుకుని మేలుకుంటాయి. లోపలికి వెళ్లగానే ఏమీ కనపడదు. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా నిలబడాలి. చాలామంది నిలబడరు, ఖాళీగా ఉందని గొణుగుతూ రెండో తలుపు నుంచి బయటపడతారు. నేను పిల్లల్ని గోడకు ఆనించి, నోరు మూయించి, వంద దాకా మనసులో లెక్కపెట్టమనేదాన్ని. ఎనభై దాటేసరికి ఎవరో ఒకరు నా కొంగు పట్టుకుని లాగేవారు. కొమ్మ మీద రెండు పెద్ద గుండ్రటి కళ్లు. అంతసేపు ఆగి చూసిన జంతువును ఏ పిల్లా మరిచిపోలేదు.

ఏనుగుల సంగతి వేరు. ఈ నగరానికి ఏనుగు జూలో ఉండే జంతువు మాత్రమే కాదు. మొహర్రంలో దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం జూ ఏనుగు మీదే కదిలేది, బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటమూ అంతే. లోపల పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పేవి. 2009లో కేంద్ర జూ అథారిటీ ఏనుగుల్ని జూలలో ఉంచొద్దని, అడవుల దగ్గరి శిబిరాలకు పంపాలని చెప్పింది. ఆ మాట పూర్తిగా అమలు కాలేదు. సవారీలు మాత్రం ఆగాయి. ఈమధ్య ఊరేగింపు ఏనుగు కర్ణాటక నుంచి వస్తోంది. సవారీలు ఆపడం మంచి పనే. గొలుసుతో, అంకుశంతో నేర్పించిన ఓర్పు మీద మన పిల్లల ముచ్చట తీర్చుకోవడం ఎప్పుడూ న్యాయం కాదు.

కందకం జంతువు నుంచి మనల్ని కాపాడుతుంది. మన నుంచి జంతువును కాపాడలేదు. 2000 అక్టోబరులో సఖి అనే ఆడపులిని ఈ జూ లోపలే చంపి, చర్మం వలిచారు. ఆ వారం బడిలో పాఠం చెప్పలేకపోయాను. 2016లో ఒకసారి, 2021లో ఒకసారి మనుషులు సింహాల వైపు దిగారు. రెండుసార్లూ కీపర్లూ సిబ్బందీ వాళ్లను ప్రాణాలతో బయటకు తెచ్చారు. ఆ 2021లోనే కరోనా కూడా సింహాల దాకా వెళ్లింది. ఎనిమిది ఆసియా సింహాలకు జబ్బు సోకిందని సీసీఎంబీ పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది. మన దేశంలో జూ జంతువుల్లో ఇలా బయటపడటం అదే మొదలు. అన్నీ కోలుకున్నాయి. గేట్లు మూసి ఉన్న ఆ రోజుల్లోనే రాణి పోయింది.

నా దృష్టిలో ఈ జూలో జరిగిన అతి పెద్ద పని సందర్శకులకు కనపడదు. 2010లో సీసీఎంబీతో కలిసి మూషిక జింకల పెంపకం మొదలైంది. కుందేలంత ఉంటుంది, కొమ్ములు ఉండవు, అడుగు చప్పుడైతే ఆకుల్లో కలిసిపోతుంది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నింటితో మొదలై వందలయ్యాయి. 2017 నుంచి వాటిని నల్లమలలో అమ్రాబాద్ పులుల అడవిలోకి వదిలారు. బాగే ఆంలో పులిని బారెడు దూరంలో నిలబెట్టిన ఊరే, ఎవరూ చూడని చోట పెంచి, ఎవరికీ కనబడని చోటికి ఒక జంతువును పంపింది. జూ ఎంత ఎదిగిందో కొలవాలంటే ఈ కొలతే సరైనదని నేను నమ్ముతాను: జంతువును అది ఎంతసేపు కంటికి దూరంగా బతకనిస్తుంది?

బాగే ఆం నుంచి 1963లో వచ్చిన గాలాపగోస్ తాబేలు 2024 మార్చి 16న పోయింది. దాని వయసు 125 ఏళ్లని లెక్క. దానిని కళ్లారా చూసినవారు మూడు నాలుగు తరాల వాళ్లు ఉంటారు. ఈ ఊరి ఇళ్లలో, ఆల్బముల్లో, దాని పక్కన నిలబడి దిగిన ఫొటోలు ఎన్నో ఉండాలి. జూ వారికి నా మనవి ఒక్కటే. ప్రతి ఎన్‌క్లోజర్ ముందు జాతి పేరు, శాస్త్రీయ నామం ఉన్న బోర్డు కింద ఇంకో రెండు వాక్యాలు రాయించండి: ఇది ఎప్పుడు కట్టారు, ఇక్కడ ఇంతకుముందు ఎవరున్నారు. పాఠకులకు కూడా ఒక మాట. మీ ఇంట్లో బాగే ఆం ఫొటో గానీ, రాణి మీద సవారీ చేసిన ఫొటో గానీ ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి సంవత్సరం, చోటు, పక్కనున్న వాళ్ల పేర్లు వెనకాల పెన్సిలుతో రాసిపెట్టండి. ఆ పెద్దవాళ్లు ఉండగానే రాయండి.