ఒకే ఆకు మీద అన్నము

ఫిలిప్పైన్ దీవుల జాతీయోద్యమమునకు ప్రాణము పోసిన నవల ఒక విందుతో ప్రారంభమవుతుంది. హోసె రిసాల్ రచించిన ఆ నవల పేరు 'నోలి మె తాంగెరె'. 1887లో బెర్లిను నగరములో అచ్చయినది. ఏడు సంవత్సరములు ఐరోపాలో గడిపి ఇల్లు చేరిన ఇబార్రా అనే యువకుడు ఆ రాత్రి అతిథులలో ఒకడు. మనీలాలోని బినోందొ పేటలో కపితాన్ తియాగొ అనే సంపన్నుని ఇంట పెద్ద బల్ల వేసినారు. బల్ల మొదట కూర్చుండే పెద్దపీట ఎవరిదన్న విషయమై ఇద్దరు క్రైస్తవ సన్యాసుల మధ్య, పైకి మర్యాదగానే, పెనుగులాట జరుగుతుంది. పిమ్మట 'తినోలా' వస్తుంది. కోడిమాంసము, గుమ్మడికాయ వేసి కాచిన పలుచని వంటకమది. వడ్డనలో పాద్రె దామసొ అనే సన్యాసి పళ్లెములోనికి ఎముకలు నిండిన మెడ, గట్టిపడిన రెక్క వచ్చి పడినవి. మంచి తునకలు ఇతరులకు పోయినవి. ఆయన చెంచాను చప్పుడు చేస్తూ పడవేసి, పళ్లెమును ముందుకు నెట్టివేస్తాడు. మన పెళ్ళిళ్లలో వడ్డన సరిగా లేదని అలిగి లేచిపోయిన వియ్యాలవారిని ఎరిగిన శ్రోతలకు ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు.

నవల వెలువడిన ఆ సంవత్సరమే, ఆగస్టు నెలలో, రిసాల్ కూడ అయిదేండ్ల ప్రవాసము తరువాత స్వదేశము చేరినాడు. ఆరు నెలలు నిండీ నిండకముందే, 1888 ఫిబ్రవరిలో, సన్యాసుల ఆగ్రహమునకు గురియై మరల ఓడ ఎక్కవలసి వచ్చినది. 1896 డిసెంబరు 30వ తేదీన స్పానిష్ ప్రభుత్వము ఆయనను తుపాకులతో కాల్పించినది. పరదేశమునుండి వచ్చినవాడు తనవారి నడుమ కూర్చుండి నాలుగు మెతుకులు తినుట ఆ జాతి చరిత్రలో ఎన్నడును చిన్న విషయము కాలేదు. ఎవరు ఎక్కడ కూర్చుండవలెను, ఎవరికి ఏ ముక్క దక్కవలెను, ఆ విందునకు వెల ఎవరు చెల్లింపవలెను అనే ప్రశ్నలు అక్కడ తరతరములుగా అన్నముతోపాటు వడ్డింపబడుతూ వచ్చినవి.

ఆ దీవుల భోజనమును గురించి మనకు లభించే తొలి ఐరోపా సాక్ష్యము 1521వ సంవత్సరమునాటిది. మాజెల్లన్ ఓడలలో వచ్చిన పిగాఫెత్తా అనే ఇటలీ దేశస్థుడు లిమసావా దీవిలో రాజుతో కలిసి భుజించినాడు. రెండు పెద్ద పింగాణీ పళ్లెములు వచ్చినవని, ఒకదానిలో అన్నము, రెండవదానిలో రసముతో కూడిన పందిమాంసము ఉన్నవని వ్రాసికొన్నాడు. శుభ శుక్రవారము నాడు మాంసము తినక తప్పలేదని కూడ దాపరికము లేకుండ చెప్పినాడు. ఆతిథ్యమును కాదనలేకపోయినాడు పాపము. అన్నమొకవైపు, దానికి తోడు ఆదరువు మరియొకవైపు అనే ఆ ఏర్పాటు అయిదువందల యేండ్ల తరువాత కూడ ఆ దేశములో అట్లే ఉన్నది. ఆ ఆదరువును వారు 'ఉలామ్' అంటారు.

ఆంగ్లములో ఒక్క మాటతో సరిపెట్టే పదార్థమునకు తగాలొగ్ భాషలో, మన తెలుగులో వలెనే, వేరువేరు పేర్లున్నవి. చేలో ఉన్నప్పుడు, గాదెలో ఉన్నప్పుడు అది 'పలాయ్', మన వడ్లు. దంచిన తరువాత 'బిగాస్', మన బియ్యము. ఉడికిన తరువాత 'కనిన్', మన అన్నము. 'కాయిన్' అనగా తినుట. కనిన్ అనగా తినదగినది. రాత్రి మిగిలి చల్లారినది 'బహావ్'. దానిని వెల్లుల్లితో వేయించి ఉదయము తింటారు. అడుగంటిన మాడునకు సైతము 'తుతోంగ్' అనే పేరున్నది. చింతపండు పులుపుతో కాచే 'సినిగాంగ్' పేరు వినగానే మన పులుసు గుర్తుకు రాక మానదు. ఆ దేశపు భోజన చరిత్రను తీరికగా, ప్రేమగా వ్రాసిన దొరీన్ ఫెర్నాందెజ్, 2002లో కీర్తిశేషురాలైన విదుషీమణి, ఫిలిపీనో రుచికి నిజమైన ప్రతినిధి స్పెయిన్ పేరు ధరించిన 'అదోబొ' కంటె ఈ సినిగాంగే అని వాదించినది. ఆమె మాటనే మేమును సమర్థిస్తాము. పులుపునకు ప్రవాసిని ఇంటికి లాగే శక్తి ఎక్కువ.

మనకు ఆ దీవులతో బొత్తిగా సంబంధము లేకపోలేదు. లగూనా ప్రాంతములో దొరికిన రాగిరేకు శాసనము శకవర్షము 822, అనగా క్రీస్తుశకము 900 నాటిది. దాని లిపి దక్షిణదేశపు పల్లవ లిపి సంతతిలోనిది. ముఖమును వారు నేటికిని 'ముఖా' అంటారు, ఆశను 'ఆసా' అంటారు. 1762లో మనీలాను పట్టుకొన్న ఆంగ్లేయ సైన్యము బయలుదేరినది చెన్నపట్టణమునుండి. దానితో వెళ్ళిన సిపాయిలలో కొందరు తిరిగి రాక కాయింతా గ్రామములో సంసారములు చేసికొని స్థిరపడినారు. వేరుశనగ ముద్దతో వండే 'కరె-కరె' వారి కూరనుండి పుట్టినదని ఒక వాడుక కలదు. దానికి గట్టి ఆధారము లేదు. ఆధారమున్న బంధుత్వము ఇంకొకటి. లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐ.ఆర్. 8 వంగడమును మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు పండించి చూపినారు. నేడు వైద్యవిద్యకై దవావో నగరము పోతూ ఉన్న మన విద్యార్థులు ఆ అప్పును ఏ విధముగ తీరుస్తారో చూడవలెను!

ఇక ఆకు సంగతి. ఒకే పాత్రనుండి పలువురు పంచుకొని తినుటను 'సాలొ' అంటారు. ఆ మాటనే రెట్టించి 'సాలు-సాలొ' అంటే విందు. చేతితో తినుట 'కమాయన్'. అమెరికా ప్రభుత్వము 1901లో ఓడల మీద పంపిన ఉపాధ్యాయులు, వారి తరువాత వచ్చిన గృహశాస్త్ర పాఠములు, చేతితో తినుట అనాగరికమని ఒక తరమునకు నూరిపోసినవి. అయినను ఆ జాతి కత్తిని స్వీకరింపలేదు. కుడిచేత చెంచా, ఎడమచేత ముళ్లగరిటె పట్టుకొని అన్నమును తన పద్ధతిలోనే తిన్నది. చేతిభోజనము పల్లెలో, పొలము గట్టున, సముద్రపుటొడ్డున నిలిచినది.

నేడు ప్రసిద్ధమైన 'బూడిల్ ఫైట్' ఆ దేశపు సైనిక విద్యాలయములో పుట్టినది. పొడవైన బల్ల నిండ అరటియాకులు పరచి, నడుమ అన్నమును గట్టువలె పోసి, దాని మీద వేచిన చేప, కాల్చిన మాంసము, వంకాయ, ఉప్పులో ఊరిన గుడ్డు, టమాటా, మామిడిపండు చేరుస్తారు. అధికారి, సిపాయి అనే భేదము లేకుండ అందరును నిలుచుండి, చేతులు కడుగుకొని, ఒక్కసారిగా ఆరంభిస్తారు. పళ్లెము లేదు, పీట లేదు. ఆ పేరు అమెరికా సైనికుల యాస. దీనిని అనాదిగా వచ్చిన ఆచారమని ప్రయాణికులకు చెప్పే వ్యాపారులను మనము నమ్మనక్కరలేదు. అయితే అందులోని సమత్వము మాత్రము కల్పన కాదు. మన సహపంక్తి భోజనములో ఎవరి విస్తరి వారిదే, ఎంగిలి కాకుండ గీత ఉన్నది. అక్కడ ఆ గీత కూడ లేదు. పాద్రె దామసొ వంటివాడు వచ్చినను అలుగుటకు అక్కడ పెద్దపీట కనబడదు.

ఈ ఆకునుండి దూరమైనవారి కథ 1906 డిసెంబరు 20న మొదలవుతుంది. ఆనాడు 'డోరిక్' అనే ఓడలో 15 మంది ఇలోకానో పురుషులు హొనొలూలూ రేవులో దిగినారు. చెరకుతోటల కూలీలు. 1946 వరకు లక్షకు పైగా వారి వెనుక నడిచినారు. వారి పెరళ్లలో మునగ, కాకర, వంగ మొలిచినవి. కూలివాడు మూటలో తెచ్చుకొనగల మాతృదేశము అంతమాత్రమే.

కాలిఫోర్నియా చేరినవారి గతి మరింత కఠినము. వెళ్ళినవారిలో స్త్రీలు బహు తక్కువ. 1933లో తెల్లజాతి స్త్రీలతో వారి వివాహములను ఆ రాష్ట్రము నిషేధించినది. ఆ నిషేధము 1948 వరకు నిలిచినది. 1934 నాటి చట్టము ఫిలిపీనోల రాకను ఏడాదికి 50 మందికి కుదించినది. 1935లో ప్రభుత్వము తన ఖర్చుతో ఇంటికి పంపెదనన్నది, కాని మరల రాదలచినవారు ఆ 50 మంది లెక్కలోనే రావలెనన్నది. రెండువేల పైచిలుకు మంది మాత్రమే ఆ ఓడలెక్కినారు. తక్కినవారు ఎందుకు ఎక్కలేదని మనకు తోచవచ్చును. వట్టి చేతులతో ఊరివారి ముందు ఎట్లు నిలుచుట? ఆ సిగ్గు వారిని పంటచేలలో, కూలీల పాకలలో ముసలివారిని చేసినది. పాకలో ఒకడు వంట చేసేవాడు, పదిమంది తినేవారు. ఆ పదిమందే కుటుంబము.

ఆ పాకల వంట 1965లో చరిత్ర కెక్కినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 8న డెలానో పట్టణములో లారీ ఇత్లియోంగ్ నాయకత్వమున ఫిలిపీనో ద్రాక్షతోట కూలీలు సమ్మె కట్టినారు. ఎనిమిది రోజుల తరువాత సేసర్ చావెజ్ సంఘములోని మెక్సికన్ కూలీలు వచ్చి కలిసినారు. అంతకుముందు ఒకరి సమ్మెను మరియొకరితో విరిపించుట యజమానుల అలవాటు. ఈసారి ఆ యెత్తు పారలేదు. ఫిలిపీనో హాలులోని వంటశాలలో రెండు జాతులవారును ఒకేచోట భోజనము చేసినారు. సమ్మె 1970 వరకు సాగి గెలిచినది. చరిత్రకారులు నాయకుల ఉపన్యాసములను దాచినంత శ్రద్ధగా ఆ వంటవారి పేర్లను దాచలేదు, ఇది మాకొక లోటుగా తోస్తున్నది. ఇల్లు, ఇల్లాలు లేక వృద్ధులైన ఆ కూలీల కొరకు 1974లో డెలానోలోనే అగ్బయాని గ్రామమనే విశ్రాంతి గృహము వెలిసినది. ఇంటికి పోలేకపోయినవారికి ఇల్లు అక్కడికే రావలసి వచ్చినది.

ప్రవాసిని ఇంటికి పిలుచుట ఒక ప్రభుత్వ పథకమైనది 1973లో. మార్కోస్ సైనికశాసనము విధించి ఏడాది అయినది. దేశమునకు డాలర్లు కావలెను, పరువు కావలెను. 'బలిక్‌బాయన్', అనగా ఊరికి మరలివచ్చినవాడు, అనే పేరిట తగ్గింపు టిక్కెట్లు, సుంకపు రాయితీలు ఇచ్చినారు. మరుసటి సంవత్సరమే కార్మిక స్మృతిని చేసి, మనుష్యులను విదేశములకు పంపుటను కూడ ప్రభుత్వమే చేపట్టినది. ఒక చేతితో పిలుపు, ఒక చేతితో పంపకము. 2023లో విదేశములనుండి ఆ దేశపు బ్యాంకులకు చేరిన సొమ్ము 3,300 కోట్ల డాలర్లకు మించినది. ఈ సొమ్ములో పెద్ద భాగము పరాయి పిల్లలను పెంచిన తల్లులది, ఓడలలో ఇంజనులు తుడిచిన తండ్రులది. 1995లో సింగపూరులో ఫ్లోర్ కొంతెంప్లాసియొన్ అనే ఇంటి పనిమనిషిని ఉరితీసినప్పుడు దేశమంతయు భగ్గుమన్నది. వలస కార్మికుల రక్షణ చట్టము ఆ యేడే వచ్చినది.

అందువల్ల నేడు తిరిగివచ్చిన ఆడపడుచుకు ఊరిలో పరచే ఆకు వెనుక ఈ లెక్కలన్నియు ఉన్నవి. ఆమె వట్టి చేతులతో రారాదు. దూరమునుండి వచ్చువారు తెచ్చే కానుకను 'పసాలుబోంగ్' అంటారు. ఎదురువచ్చి కలిసికొనుట అని దాని మూలార్థము. సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసము, మేనల్లుళ్ల బూట్లు కుక్కిన అట్టపెట్టె ఆమెకంటె ముందే సముద్రము దాటి వస్తుంది. విందుకు కూడ తరచు ఆమెయే డబ్బిస్తుంది. ఇది దోపిడి అనేవారు కలరు. మాకట్లు తోచదు. పది సంవత్సరములు ఒంటరిగా, నిలుచుండి, గోడవైపు తిరిగి తిన్న మనిషి, ఇరువది చేతుల నడుమ తన చేయి కూడ చొప్పించి అన్నము తీసికొనుటకు ఎంత వెల అయినను ఇస్తుంది. చిక్కు మరియొకచోట ఉన్నది. తాను విడిచివెళ్ళిన పసివాడు ఇప్పుడు ఆకుకు అవతలివైపు నిలుచున్న యువకుడు. చేపలో ముళ్లు తీసి అతని వైపు జరిపే అలవాటు ఈ పదేండ్లు అమ్మమ్మది. ఈమె తీసి జరిపితే అతడు తీసికొంటాడా, లేదా అన్నది ఏ పథకమునకు అందని విషయము.

సెలవు నెల రోజులు. తిరుగు ప్రయాణమునాడు అట్టపెట్టె మరల నిండుతుంది, ఈసారి ఎదురు దిశలో. ఎండు మామిడి తొనలు, ఎండుచేపలు, ఉప్పులో ఊరిన రొయ్యపొడి ముద్ద 'బగూంగ్'. దాని సీసా మూతకు మైనపు గుడ్డ కట్టి, దానిపైన ప్లాస్టిక్ సంచులు రెండు చుట్టి, వాసన బయటకు పొక్కకుండ బట్టల నడుమ పెడతారు. విమానాశ్రయములో తూకపు యంత్రము మీద పెట్టె బరువెక్కువైనదంటే, ఆమె మొదట తీసివేసేది బట్టలనే.