బస్సు గుద్దినా ఆగని బెన్ హోగన్

గోల్ఫ్ అంటే మెల్లగా నడుస్తూ బంతిని కొట్టడమే కదా, దానికి ఒళ్లూ మనసూ అంతగా సిద్ధం చేసుకోవాలా అనుకుంటున్నారా? అయితే బెన్ హోగన్ కథ వినాల్సిందే.

1949 ఫిబ్రవరి 2. అమెరికాలోని టెక్సాస్. పొగమంచులో ఎదురుగా వచ్చిన బస్సు హోగన్ కారును గుద్దేసింది. పక్కనున్న భార్యను కాపాడాలని ఆయన ఆమెకు అడ్డంగా పడ్డాడు. కటి ఎముక, కాలర్ బోన్, ఎడమ చీలమండ, పక్కటెముక విరిగాయి. తర్వాత రక్తం గడ్డలు కట్టి ప్రాణం మీదికొచ్చింది.

ఇంటికొచ్చాక మొదలుపెట్టింది స్వింగ్ కాదు, నడక. ముందు గదిలోనే, తర్వాత బయట, రోజుకు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. 16 నెలలు గడిచాయి. 1950 జూన్, మెరియన్‌లో యూఎస్ ఓపెన్. ఆఖరి రోజు ఒక్కరోజే 36 హోల్స్! కాళ్లకు కట్లు చుట్టుకుని ఆడాడు. ముగ్గురి స్కోరూ సమం. మర్నాడు ఇంకో 18 హోల్స్ ఆడి గెలిచాడు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. కాళ్లు మునుపటిలా సహకరించవని ఆయనకు తెలుసు. అందుకే టోర్నీలు తగ్గించాడు, ప్రిపరేషన్ మాత్రం తగ్గించలేదు. 1953లో బ్రిటిష్ ఓపెన్ కోసం స్కాట్లాండ్‌లోని కార్నూస్టీకి ముందే వెళ్లాడు. అప్పట్లో అక్కడ వాడిన చిన్న బంతికి చెయ్యి అలవాటు చేసుకున్నాడు. ఏ షాట్ ఎక్కడ పడాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. కప్పు కొట్టాడు. ఆ ఏడాది ఆడింది 6 టోర్నీలు, గెలిచింది 5.

ఒంట్లో ఎంత ఓపికుందో లెక్క తెలిసినవాడికే, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా తెలుస్తుంది.